మ్యూజియం వారి లిఫ్టు

శేషగిరి అనే మనిషి ఇంట్లో ఏ వస్తువునూ దాని పనికి వాడనివ్వడు. వకుళ కాపురానికొచ్చిన కొత్తల్లోనే కనిపెట్టిన సత్యమిది. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఆమె బోటనీలో డిగ్రీ తెచ్చుకుని, ఆ చదువంతా బాల్కనీలోని కరివేపాకు మొక్క మీద ఖర్చు పెడుతున్న మనిషి. ఇడ్లీ వేద్దామని చూస్తే రేకులు ఆయన బల్ల మీద రాగితీగ చుట్టుకుని కూర్చునుంటాయి. కుక్కరు విజిలు ఏదో గొట్టానికి ఊపిరి పోస్తుంటుంది. పుట్టింటివాళ్లు పెట్టిన వెండి పళ్లెం కనపడక దొంగలు పడ్డారని వకుళ ఏడుస్తుంటే, అది ఒక బల్బు వెనకాల అద్దంలా నిలబడి దొరికింది. "నీ పళ్లెం వల్ల వెలుతురు సమంగా పడుతోంది తెలుసా," అన్నాడాయన, ఏదో బిరుదు ఇస్తున్నట్టు. అన్నం ఎందులో తినాలో మాత్రం చెప్పలేదు.

అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి వంటింటికి పనికొచ్చే వస్తువు చేశాడు.

ఆ ఏడు వేసవిలో డాబా మీద గుమ్మడి వడియాలు పెడితే కాకులు పండగ చేసుకున్నాయి. వకుళ గొణుగుడు భరించలేక శేషగిరి చాప కింద ఒక పలక దూర్చాడు. చూడ్డానికి అప్పడాల పీటలా ఉంటుంది. మర్నాడు కాకి దిగింది. చాపకు జానెడు ఎత్తున ఆగిపోయింది, ఎవరో గాలిలో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. రెక్కలు టపటపా కొట్టుకుంది. పక్కకు జరిగి మళ్లీ దిగబోయింది. అక్కడా చెయ్యే. కాసేపు చూసి, అవమానం దిగమింగుకుని పోయింది.

"గాలినే గట్టి చేశానోయ్!" అని గంతులేశాడాయన. "ప్రాణమున్న ఒళ్లు దగ్గరకొస్తే పలక పసిగట్టి, అక్కడి గాలిని బిగిస్తుంది."

సాయంత్రం వడియాలు తియ్యబోతే వకుళనూ ఆపింది. ఆమె కాకిలాగా ఊరుకోలేదు. అన్న మాటలన్నీ విన్నాక శేషగిరి ఒక బిళ్ల తయారుచేసి, నల్లదారం గుచ్చి ఆమె మెళ్లో వేశాడు. బిళ్ల ఉన్నవాళ్లకి పలక దారిస్తుంది, లేనివాళ్లని ఆపుతుంది. దానికి 'ఎడం' అని పేరు పెట్టుకున్నాడు. కాకులకు బిళ్లలు పంచలేదు గనక ఆ ఏడు వడియాలు దక్కాయి.

ఏలూరు చివర కాలవ గట్టున కొండ్రుపాలెం స్మారక మ్యూజియం ఉంది. డెబ్భై ఏళ్ల కిందట కొండ్రుపాలెం దళితవాడ జనం అందరి బావిలో చేద వేశారు. ఆ నేరానికి ఊరివాళ్లు వాడకు నిప్పు పెట్టారు. ప్రాణాలతో మిగిలినవాళ్లు ఇక్కడికొచ్చి గట్టు మీద గుడిసెలేసుకున్నారు. వాళ్ల మనవలూ మనవరాళ్లూ చదువుకుని, ఉద్యోగాలు చేసి, ఆ గుడిసెల చోటే మ్యూజియం కట్టారు. సగం కాలిన తలుపొకటి, బావి గిలక, టీకొట్టు చూరుకు విడిగా వేలాడే కొబ్బరి చిప్పలు. బడిపిల్లలు వరసగా వచ్చేవాళ్లు, చూసేవాళ్లు, ఆవలించేవాళ్లు. "ఇది మాకు తెలుసు మేడం, పరీక్షలో వస్తుంది," అనేవాళ్లు.

మ్యూజియంవాళ్లకు ఎడం సంగతి చెవిన పడింది. పాత కొండ్రుపాలెం వీధిని ఒక పెద్ద గదిలో మళ్లీ కట్టి, బావి గట్టు కింద, టీకొట్టు అరుగు కింద, బడి గడప కింద పలకలు పెట్టమని అడిగారు. శేషగిరి ఎగిరి గంతేశాడు. లోపలికెళ్లే పిల్లలు బుట్టలోంచి తలా ఒక బిళ్ల తీసుకోవాలి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. సగం పనిచేసేవి, సగం ఉత్తవి. ఎవరికేది పడిందో గడప దగ్గరకెళ్తేగానీ తెలీదు.

వకుళ ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లి, అక్కడి పిల్లలకు నాలుగు మాటలు చెప్పి, చివరికి గైడుగా స్థిరపడిపోయింది. ఆ ఉద్యోగానికి అర్హత ఏమిటని మొగుడు అడిగితే, "మీతో కాపురం. పనిచేయని వస్తువుల్ని నవ్వుమొహంతో చూపించడం వచ్చు," అంది.

కానీ ఇది పనిచేసింది. మొదటి రోజే వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలు బయటికి రాగానే వకుళ అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, తలా ఒక మరమరాల పొట్లం ఇచ్చి, లోపల ఏం చూశారంది.

"బావుంది మేడం. బావి లోతుగా ఉంది. టీ నిజంగానే ఇచ్చారు!" అన్నాడో బొద్దు పిల్లాడు.

"మరి వీళ్లెవరూ టీ తాగలేదేం?"

వాడు చుట్టూ చూశాడు. "వాళ్లు రాలేదు మేడం. బయట కబుర్లాడుతున్నారనుకున్నా."

"మేం రాలేదా!" పక్కనే కూర్చున్న కెజియా అనే పిల్ల లేచి నుంచుంది. పొట్లం ఒళ్లోంచి జారి మరమరాలన్నీ నేలపాలయ్యాయి. "ఛాతీ మీద చెయ్యేసి తోస్తుంటే ఎట్టా వస్తామ్రా? నిన్ను పేరు పెట్టి పిలిచాను. ఇటు తిరిగి కూడా చూళ్లేదు!"

"వినపళ్లేదే నాకు..."

"టీ తాగుతుంటే ఏం వినపడుద్ది!"

అక్కణ్ణుంచి అరుగంతా గొడవ. వాళ్ల టీచరు ఆపబోతే వకుళ వద్దంది. ఆమె ఉపన్యాసాలివ్వదు. పొట్లాలు పంచి, పోట్లాడుకోనిస్తుంది. బస్సెక్కేటప్పుడు ఆ బొద్దు పిల్లాడు కెజియా వెనకాలే నడుస్తూ ఏదో బతిమాలుకుంటున్నాడు. ఆ గదిలో ఏం నేర్చుకున్నాడని అడిగితే వాడు చెప్పలేడు. కానీ ఇంకెప్పుడూ "వాళ్లు రాలేదు" అనే ముందు ఒకసారి గడప వైపు చూస్తాడు. వకుళకు అది చాలు.

శేషగిరి మాత్రం ఆ గొడవంతా వినకుండా గదిలో పలకల దగ్గర కూర్చుని, గాలి ఏ గడప దగ్గర ఎంత బిగిసిందో గీతలు గీసుకుంటున్నాడు.

మ్యూజియం వార్షికోత్సవానికి శేషగిరి వాళ్లుండే శ్రీనిలయం అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు గారిని పిలిచారు. పిలిచిందీ శేషగిరే. విశ్వేశ్వరరావు గారు ఏదో శాఖలో పెద్ద హోదాలో చేసి వచ్చారు. లిఫ్టు తలుపు తెరుచుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఇప్పటికీ సంజాయిషీ అడుగుతారు. అతిథులకు ఉత్త బిళ్లలు ఇవ్వడం మర్యాద కాదని శేషగిరి ఆయనకు మంచి బిళ్లే ఇచ్చాడు. ఆయన వీధంతా తిరిగి, బావిలోకి తొంగిచూసి, టీ తాగి బయటికొచ్చారు.

"మాస్టారూ, గడపల దగ్గర ఏదో ఆపుతుందన్నారు. నన్నేం ఆపలేదే?"

"మీకు మంచి బిళ్ల అండి. అది లేనివాళ్లనే ఆపుతుంది."

"ఓహో." ఆయన ఆగి, బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "అంటే బోర్డు లేకుండానే ఆగిపోతారన్న మాట."

ఆ మాట అప్పుడు వకుళకు అర్థం కాలేదు. నెల తిరక్కుండా అయింది.

శ్రీనిలయం లిఫ్టులో ఒకప్పుడు 'పనివారు వెనక మెట్లు వాడవలెను' అని ఇత్తడి బోర్డుండేది. ఎవరో దాన్ని ఫోటో తీసి ఊరంతా పంపితే, పరువు పోయి పీకేశారు. అప్పట్నుంచీ అందరూ లిఫ్టెక్కుతున్నారు. కొందరికి అది కంట్లో నలుసు. ఇప్పుడు సంఘం మీటింగు పెట్టి లిఫ్టు గడప కింద పలక వెయ్యాలని తీర్మానించారు. ఫ్లాట్ల వాళ్లకు బిళ్లలిస్తారు. మిగతావాళ్లకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. బోర్డుండదు, మాటుండదు, ఫోటో తియ్యడానికి ఏమీ ఉండదు. ఈ మేలు చేస్తున్నందుకు శేషగిరి మాస్టారికి శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే ఇంటికొచ్చాడు. ఇన్నేళ్లుగా ఆ బిల్డింగులో ఆయన్ని అందరూ 'ఫ్యూజు మాస్టారు' అనేవాళ్లు, ఎప్పుడు కరెంటు పోయినా కారణం ఆయనే గనక. అలాంటిది ఇవాళ వేదిక మీద 'శాస్త్రవేత్త' అన్నారు. ఉక్కపోస్తున్నా శాలువా తియ్యడం లేదు.

"ఒప్పుకున్నారా?" అంది వకుళ.

"భద్రత కోసమే. ఎవరు పడితే వాళ్లు ఎక్కకుండా."

"ఎవరు పడితే వాళ్లంటే ఎవరండీ? మన పనిమనిషి నూకరత్నమేనా? అది మిమ్మల్నెప్పుడైనా లిఫ్టులో తోసిందా?"

"నువ్వన్నీ అక్కడికే లాక్కెళతావ్. పలకకు కులం తెలుసునటే? మతం తెలుసునా? అది బిళ్లను చూస్తుంది, అంతే!"

"పలకకు తెలీదు, నిజమే. బిళ్లలు పంచేవాళ్లకు తెలుసు."

"వస్తువు చెయ్యడం వరకే నా పని. వాడకం వాళ్లది."

"మరి నా ఇడ్లీ రేకులు మీరెందుకు తీసుకెళ్లారు? చెయ్యడం కంపెనీ పని, వాడకం నాది కదా," అంది వకుళ. ఆయన శాలువా సర్దుకుని తన బల్ల దగ్గరికెళ్లిపోయాడు.

మంగళవారం పలక వేశారు. ఆ పొద్దున నూకరత్నం ఐదో అంతస్తుకు మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో పదేళ్లుగా గిన్నెలు తోముతోంది. నోరు మూసుకుని కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు.

"ఏంటమ్మగారూ, లిఫ్టుకు నా మీద కోపమొచ్చిందా?" అంది చివరికి. "కాలు లోపల పెడతాంటే తోసేత్తంది."

వకుళ చెప్పింది, ఏం దాచకుండా. పలక ఎవరు చేశారో కూడా.

నూకరత్నం లోపలి గది వైపు చూసింది. అక్కణ్ణుంచి ఇనపముక్కల చప్పుడు వినపడుతోంది, మరీ ఎక్కువగా.

"మెట్లెక్కడం నాకు కొత్తా అండీ. ఎక్కొద్దని ఎవరన్నా మొహమ్మీదంటే, ఆళ్ల మొహమ్మీదే నేనూ ఓ మాటనేసి ఎక్కేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టనండీ? గాలినా?" లేచి చీర దులుపుకుంది. "ఈ నెలాఖరికి మానేత్తానమ్మగారూ. మీ మీద కోపం కాదు. తిట్టడానికి మనిషన్నా లేని చోట నేను పని చెయ్యను."

వకుళ మెళ్లోంచి తన బిళ్ల తీసి శేషగిరి బల్ల మీద పెట్టేసి, ఆ రోజు నుంచి తనూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు దగ్గర ఆయాసం, నాలుగో దగ్గర విశ్వేశ్వరరావు గారి మీద నానా మాటలు. మొగుడు మాత్రం రోజూ లిఫ్టులో వస్తూపోతూ, "హాయిగా ఉంది, ఖాళీగా ఉంటోంది," అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. ఆమె జవాబు చెప్పకపోతే భయపడాలని ఆయనకు ఇన్నేళ్లకూ తెలీలేదు.

ఆదివారం ప్రారంభోత్సవం. లిఫ్టుకు రిబ్బను కట్టారు, కింద కుర్చీలు వేశారు, సమోసాలు తెప్పించారు. విశ్వేశ్వరరావు గారు కత్తెర అందుకోబోతుండగా గేటు దగ్గర బడి బస్సు ఆగింది. మొదటి రోజు మ్యూజియానికొచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలే బిలబిలా దిగారు. ముందు వకుళ, మెడలో మ్యూజియం గైడు కార్డు, చేతిలో పొడుగాటి కర్ర.

"ఇటు రండి పిల్లలూ, ఇటు. మ్యూజియం చూశారు కదా? ఒక గది మిగిలిపోయింది, అదే ఇది. దగ్గరగా రండి, తలుపు దాటకండి. దాటలేరు కూడా."

"ఏమిటమ్మా ఇది?" విశ్వేశ్వరరావు గారి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"మీరు కదలకండి అన్నయ్యగారూ, ప్రదర్శనలో ఉన్నారు. వస్తువుల్ని ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాను." కర్రతో గడప చూపించింది. "అక్కడ మీరు చూసినవన్నీ మీ ముత్తాతల నాటివి. ఇది మొన్న మంగళవారంది. ఇంకా రంగు కూడా పోలేదు చూడండి."

పిల్లలు గడప మీదికి వంగారు. బొద్దు పిల్లాడు చెయ్యి చాపి, గాలి తగలగానే వెనక్కి తీసుకున్నాడు. "అదే మేడం! బావి దగ్గరదే!"

"దీన్ని ఎవరు వాడేవాళ్లు మేడం?" అంది ఒక పిల్ల, రాసుకోవడానికి పెన్ను తీసి.

"వాడేవాళ్లు కాదమ్మా, వాడుతున్నారు. అడుగో, ఆ తెల్లచొక్కా ఆయన. ఆ పక్కన సెక్రటరీ గారు. ఆ సమోసా తింటున్న ఆవిడ మూడో అంతస్తు."

సమోసా ఆవిడ ప్లేటు కుర్చీ కింద పెట్టేసింది.

"చూడమ్మా, ఇది ప్రైవేటు స్థలం," విశ్వేశ్వరరావు గారి గొంతు పెరిగింది.

"కొండ్రుపాలెం బావిని గురించీ అదే అన్నారండి. అక్కడ గోడ మీద రాసి ఉంది. మీరు టీ తాగే తొందరలో చూసుకోలేదు."

"ఏంటీ నాటకం! మాస్టారూ, మీ ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లండి."

శేషగిరి శాలువా సర్దుకుంటూ వచ్చాడు. మొహం కందిపోయి ఉంది. "వకుళా, నలుగుర్లో పరువు తీస్తున్నావ్. ఇంటికి పద."

"వస్తాను. మెట్ల మీద. చాలా సేపు పడుతుంది," అంది వకుళ. కదల్లేదు. "పిల్లలూ, ఈయనే దీన్ని తయారుచేసింది. ఏమన్నా అడగాలంటే అడగండి. చదువు చెప్పిన మనిషి, చెబుతారు."

కెజియా ముందుకొచ్చింది. "సార్, కాలవ గట్టు మీద గది కూడా మీరేనా?"

"నేనేనమ్మా."

"అక్కడ మాకు కోపం రావాలని పెట్టారు కదా సార్. ఇక్కడ ఎవరికేం రావాలని పెట్టారు?"

శేషగిరి నోరు తెరిచాడు. ఒంటి వేడిమి గురించి మొదలుపెట్టాడు, గాలి బిగువు గురించి ఓ రెండు మాటలు చెప్పాడు. ఆ పిల్ల తల ఆడించకుండా, పక్కకు చూడకుండా వింటోంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి తెలుసు అలా వినే పిల్లకు ఏం కావాలో. తను చెబుతున్నది అది కాదు. మాట తడబడింది.

"పైకెళ్లి చూసొస్తాను సార్. మీ బిళ్ల ఇస్తారా?"

పిల్లలు ఏమన్నా అడిగితే ఇచ్చేయడం ఆయన చేతులకు అలవాటు. సుద్దముక్క, భూతద్దం, అయస్కాంతం, ఏదైనా. బిళ్ల తీసి ఇచ్చేశాడు.

"ఇక చాలు!" విశ్వేశ్వరరావు గారు రిబ్బను కత్తిరించేశారు. చప్పట్లు అక్కడక్కడా వినపడ్డాయి. "రండి మాస్టారూ, అధికారికంగా మొదటి ప్రయాణం మనదే." ఆయనా, సెక్రటరీ లోపలికెళ్లారు. వాళ్ల మధ్యలోంచి కెజియా దూరిపోయి, మూలన నుంచుంది.

శేషగిరి కాలు ముందుకు వేశాడు.

ఛాతీ మీద చెయ్యి.

గట్టిగా ఏం లేదు. తోసినట్టు కూడా లేదు. వేళ్లు విప్పిన ఒక అరచెయ్యి, ఎవరిదో, గుండెల మీద ఆని ఆగింది. ఆ బిగువు ఎంతో ఆయనకు అంకెల్లో తెలుసు. దశాంశం తర్వాత రెండు స్థానాల దాకా తెలుసు. అది ఇలా ఉంటుందని తెలీదు. భుజంతో నెట్టాడు. భుజం మీదా చెయ్యే. పక్కకు జరిగాడు. అక్కడా ఉంది. శాలువా జారి కాళ్ల దగ్గర పడింది.

"విశ్వేశ్వరరావు గారూ," అన్నాడు.

ఆయన లోపలి అద్దంలో జుట్టు సర్దుకుంటున్నారు. "మీకు తొందర లేనట్టుంది. సరే, తీరిగ్గా రండి," అన్నారు అద్దంతోనే. సెక్రటరీ ఫోను చూసుకుంటున్నాడు. మూలనున్న కెజియా ఒక్కతే ఆయన మొహంలోకి చూసింది. తలుపు మూసుకుంది. లిఫ్టు వెళ్లిపోయింది.

వకుళ కర్ర దించింది. ఆమె దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి, మెట్లెక్కుతూ వారమంతా నూరి పెట్టుకున్నవి. మొగుడి వీపు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన మూసిన తలుపు ఎదురుగా నిలబడి, ఛాతీని అరచేత్తో రుద్దుకుంటున్నాడు, అక్కడేదో అంటుకున్నట్టు.

వెనక మెట్ల మీంచి నూకరత్నం దిగి వచ్చింది, పని ముగించుకుని, చెయ్యి నడుముకు ఆనించి. జనాన్నీ, పిల్లల్నీ, నేల మీది శాలువానూ చూసింది.

"ఏంటయ్యగారూ, ఎక్కలేదా?"

"ఎక్కనివ్వలేదమ్మా."

"ఎవరండీ?"

శేషగిరి మూసిన తలుపు వైపు చూశాడు. విశ్వేశ్వరరావు గారనవచ్చు. సంఘం అనవచ్చు. పలక అనవచ్చు, దానికి నోరు లేదు గనక కాదనదు.

"నేనే," అన్నాడు. "నేను చేసిందే. తిట్టడానికి ఎవరూ లేరని అన్నావట. ఉన్నాను, తిట్టు."

నూకరత్నం ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "తిట్టడం ఎంత సేపండీ, తర్వాత తీరిగ్గా తిడతాను. ముందు మీరు చెప్పండి, ఆ మాట."

"ఏ మాట?"

"మీకు తెలుసండి."

"తప్పు చేశాను," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

"నాకు చెబితే ఏం లాభమండీ. నాకు తెలిసిందేగా. ఎక్కినోళ్లు పైనున్నారు." గడ్డంతో లిఫ్టు తలుపు చూపించింది. "ఆళ్లకి వినపడాలి."

శేషగిరి రెండు చేతులూ తలుపుకు ఆనించాడు. మొహం ఎత్తాడు. క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేట్టు చెప్పడం అలవాటైన గొంతును ఇన్నేళ్ల తర్వాత పూర్తిగా తెరిచి, ఐదంతస్తుల పైకి అరిచాడు.

"తప్పు చేశాను! నాదే తప్పు! దీన్ని రేపే పీకేస్తున్నాను!"

"రేపా?" అంది నూకరత్నం.

"ఇప్పుడే!"